మొదటి టీటీ బ్యాట్: రెడీమేడా? ప్లై, రబ్బర్లు విడిగా కొనాలా?

కాలవగట్టు:
నమస్కారమండీ. మా అమ్మాయికి పదకొండేళ్లు. భీమవరంలో వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటన్నర టీటీ (టేబుల్ టెన్నిస్) కోచింగ్. షేక్‌హ్యాండ్ గ్రిప్, అంటే కరచాలనంలా పట్టుకోవడం. ఇప్పటిదాకా హాల్లో ఉన్న పాత బ్యాట్లతో ఆడింది, ఇక సొంతది కొనమన్నారు. షాపులో అడిగితే ‘ఫైవ్ స్టార్’ అని రాసున్న రెడీమేడ్ బ్యాట్ ఇచ్చారు. ఆన్‌లైన్లో చూస్తే కార్బన్ ప్లై (రబ్బర్లు లేని చెక్క భాగాన్ని ప్లై అంటారట) అంటున్నారు. ఇంకొకరేమో ప్లై వేరే, రబ్బర్లు వేరే కొని అంటించుకోమంటున్నారు. నా దగ్గరున్నది మూడు వేలు, మహా అయితే మూడున్నర. ఏది కొంటే ఏడాదిపాటు మళ్లీ చూసుకోనక్కర్లేదు? సెలవు రోజుల్లో పాపతో నేనూ ఆడాలనుకుంటున్నా, నాకూ అదే బ్యాట్ సరిపోతుందా?

ఐదుపొరలు:
ముందు ఆ నక్షత్రాల సంగతి. బ్యాట్ మీద ఉన్న స్టార్లు ఆ కంపెనీ తనకు తాను వేసుకున్న మార్కులు. ఒక కంపెనీ ఫైవ్ స్టార్‌కీ ఇంకో కంపెనీ ఫైవ్ స్టార్‌కీ పోలిక ఉండదు. స్టార్లు పెరిగేకొద్దీ బ్యాట్ వేగం పెరిగిందని చెప్పడమే తప్ప, నేర్చుకునేవాళ్లకి మంచిదని కాదు.

కార్బన్ సంగతి ఇప్పుడే మర్చిపోండి. ప్లై మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలని నిబంధన. కార్బన్‌లాంటి నార పొర ఏదైనా ఒక్కోటి మొత్తం మందంలో 7.5 శాతం గానీ 0.35 మిల్లీమీటర్లు గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. అంత పల్చటి పొరే బ్యాట్‌ని బిగుసుకుపోయేలా చేసి, బంతిని గబుక్కున వదిలేస్తుంది. స్వింగు కుదిరినవాళ్లకి అది లాభం. పదకొండేళ్ల పిల్లకి ఏమవుతుందంటే, నిండుగా కొట్టిన ప్రతి బంతీ 2.74 మీటర్ల టేబుల్ దాటి పోతుంది. పోతోందని చెయ్యి భయపడి స్వింగుని సగంలో ఆపేస్తుంది. అలా ఆరు నెలలు గడిస్తే బంతిని తోయడం తప్ప కొట్టడం రాదు. ఆ తర్వాత బ్యాట్ మార్చినా చేతి అలవాటు మారడానికి కోచ్ గారి ప్రాణం తీయాలి. ఆచంట శరత్ కమల్ ఇంటిపేరు వింటే మన పక్కూరివాడిలా అనిపిస్తాడు గానీ, ఐదు ఒలింపిక్స్ ఆడినాయన బ్యాట్ మన పిల్లకి దేనికండీ?

మీకు కావాల్సింది ఐదు పొరల ఉత్త చెక్క ప్లై, ‘ఆల్‌రౌండ్’ రకం. పెట్టె మీద ‘ఆల్’ లేదా ‘ఆల్ ప్లస్’ అని ఉంటుంది. ‘ఆఫ్’ అని ఉన్నవన్నీ దాడికి, ‘డెఫ్’ అన్నవి దూరం నుంచి చాప్ చేసేవాళ్లకి, అంటే బంతి కింద కోస్తూ కొట్టేవాళ్లకి. మందం అయిదున్నర నుంచి ఆరు మిల్లీమీటర్లలోపు. స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్, యసాకా స్వీడన్ ఎక్స్‌ట్రా, డోనిక్ ఆపెల్‌గ్రెన్ ఆల్‌ప్లే ఈ జాతికి పాత పేర్లు. మీ డబ్బుకి ఆ ప్లై ఒక్కటే కొంటే రబ్బర్లకి మిగిలేది తక్కువ, కాబట్టి చైనా కంపెనీల ఐదు పొరల ఆల్‌రౌండ్ ప్లై చూడండి. షాపులో ఉంటే ప్లైని వేలి గోటితో తట్టి వినండి. ‘టక్’మని సన్నగా మోగితే వేగం ఎక్కువ, ‘డబ్’మని లావుగా మోగితే నెమ్మది. మీకు రెండోది కావాలి.

రబ్బర్లు: రెండు వైపులా నున్నటివి, అంటే బొడిపెలు లోపలికి తిరిగి స్పాంజికి అతికి ఉన్నవి. స్పాంజి 1.8 మిల్లీమీటర్లు, మెత్తనిది లేదా మధ్యరకం. యిన్హే మెర్క్యురీ 2లో మెత్తనిది, లేదా 729 అనే కంపెనీ వాళ్ల మామూలు రబ్బర్లు సరిపోతాయి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే యసాకా మార్క్ వి, దశాబ్దాలుగా మొదటి బ్యాట్లకి వాడుతున్నదే. హరికేన్ 3 అనే రబ్బరు చూపించి ఎవరైనా ఊరిస్తే వద్దనండి. దాని స్పాంజి గట్టిది, బలంగా విసిరితేగానీ బంతి లోపలికి దిగదు. స్పాంజి గట్టిదనం అంకె చూసేటప్పుడు ఇంకో మెలిక ఉంది: చైనా కొలత వేరు, జర్మన్ కొలత వేరు. చైనా రబ్బరు మీద 39 అని ఉంటే జర్మన్ రబ్బరు 39 కంటే బాగా గట్టిగా ఉంటుంది.

దిగువగోదారి:
పై మాటల్లో తప్పేం లేదు గానీ, మొదటి మూడు నెలలకి రెడీమేడ్ బ్యాట్ తీసిపారేయాల్సిందేం కాదండి. పిల్ల ఆటలో నిలబడుతుందో లేదో తెలియదు. టేబుల్ అంచుకి కొట్టుకుని మొదటి నెలల్లో బ్యాట్ అంచులు ఊడిపోవడం మామూలే. రెడీమేడ్ కొనేటట్టయితే మూడు చూడండి. ఒకటి, రబ్బరు మీద పిడి దగ్గర ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) గుర్తూ దాని పక్కన అంకెలూ ఉన్నాయా? లేకపోతే టోర్నమెంట్లో అంపైర్ ఒప్పుకోడు. రెండు, శుభ్రమైన బంతిని రబ్బరుకి ఆనించి అరచేత్తో కొంచెం నొక్కి పక్కకి లాగండి. రబ్బరు బంతిని పట్టి ఆపాలి, అద్దం మీదలాగా జారిపోతే ఆ బ్యాట్‌తో స్పిన్ రాదు, పుష్ (బంతి కింద మెల్లగా కోస్తూ నెట్టడం) కూడా నేర్పలేరు. మూడు, స్పాంజి ఉందా? పక్కనుంచి చూస్తే ఎరుపు లేదా నలుపు పొర కింద ఇంకో రంగు మెత్తటి పొర కనపడాలి. బజార్లో బొమ్మల షాపులో దొరికే చవక బ్యాట్లలో చాలావాటికి అది ఉండదు, ఉన్నా అట్టలాగా ఉంటుంది.

ఐదుపొరలు:
మూడు నెలలకైతే సరే. కానీ పాప వారానికి నాలుగు రోజులు వెళ్తోంది కదండీ, అంటే ఆరు గంటలు. ఆరు నెలలకి నూట యాభై గంటలు. ఆ ఆటకి ఏ రబ్బరైనా అరిగిపోతుంది. విడిగా కొన్న ప్లై మీదైతే రబ్బరు మార్చుకుంటే చాలు, ప్లై ఏళ్ల తరబడి ఉంటుంది. రెడీమేడ్‌లో రబ్బరుని గట్టి జిగురుతో అతికించి ఉంటారు, పీకితే చెక్క పేళ్లు కూడా లేచొస్తాయి. అంటే ఆరు నెలలకి మొత్తం బ్యాటే కొనాలి. ‘ఏడాదిపాటు చూసుకోనక్కర్లేదు’ అన్నారు, అది ఏ రకంలోనూ కుదరదు. ప్లై ఏడాది దాటి ఉంటుంది, రబ్బర్లు మాత్రం మధ్యలో ఒకసారి మార్చాలి. ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

బరువు గురించి చెప్పడం మర్చిపోయా. ప్లై 80–85 గ్రాములు, కత్తిరించాక ఒక్కో రబ్బరు దాదాపు 40. జిగురూ అంచు టేపూ కలిపితే 165 గ్రాముల చుట్టుపక్కల. ఆ వయసుకి అంతకు మించొద్దు. బ్యాట్ ముక్కు బరువైతే మణికట్టు తిరగదు, బంతి దగ్గరికి బ్యాట్ ఆలస్యంగా వస్తుంది, కొన్నాళ్లకి మోచెయ్యి నొప్పంటుంది. మీకైతే 175–180 గ్రాములు, స్పాంజి 2.0. కాబట్టి ఇద్దరికీ ఒకే బ్యాట్ వద్దు. పైగా మీ చేతి చెమట పాప పిడిలోకి ఇంకితే అదో గొడవ.

కాలవగట్టు:
చాలా ఉపయోగపడిందండి. అయితే ప్లై, రబ్బర్లు విడిగానే కొంటాం. మూడు సందేహాలు. పిడిలో ‘ఎఫ్ఎల్’, ‘ఎస్‌టీ’ అని రెండు రకాలు ఉన్నాయి, ఏది? ఇక్కడ అంటించేవాళ్లు ఎవరూ లేరు, నేనే అంటించుకోగలనా? హాల్లో ఒకాయన, మన దేశపు టీటీ క్రీడాకారిణి మణికా బత్రాలాగా బ్యాక్‌హ్యాండ్‌కి లాంగ్ పింపుల్ వేయించండి, ఎదుటివాళ్లు తికమకపడి పాయింట్లు తొందరగా వస్తాయి అన్నారు. నిజమేనా?

చెక్కస్పాంజి:
పిడి: ఎఫ్ఎల్ అంటే కింద విచ్చుకున్నది, ఎస్‌టీ అంటే తిన్ననిది. మన వాతావరణంలో అరచెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఎఫ్ఎల్ తీసుకోండి, కింద వెడల్పుగా ఉండి చేతిలోంచి జారదు. పాప చేత్తో పట్టించి చూడండి: మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు పిడి చుట్టూ తిరిగి అరచేతిని తాకాలి. తాకకపోతే పిడి లావు. చూపుడు వేలూ బొటనవేలూ ఆనే చోట చెక్క అంచు పదునుగా ఉంటుంది, పిల్లల వేళ్లకి వారంలో బొబ్బలొస్తాయి. 240 నంబరు గరుకు కాగితంతో ఆ అంచు పదును పోయేదాకా మాత్రం రుద్ది, 400తో నున్న చేయండి. ఈ పని రబ్బరు అంటించకముందే.

అంటించడం కష్టం కాదు, తొందర పనికిరాదంతే. టీటీకి అమ్మే నీటి జిగురు కొనండి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్, వడ్రంగుల తెల్ల జిగురు రెండూ వద్దు. మొదటిది ఘాటైన ఆవిర్లు వదిలే రకం, అలాంటివి టోర్నమెంట్లలో 2008 సెప్టెంబరు నుంచి నిషేధం. రెండోది రాయిలా గట్టిపడిపోతుంది, మళ్లీ రబ్బరు ఊడదు.

కొత్త ప్లై అయితే ముందు ఇరువైపులా నీటి వార్నిష్ పల్చగా, మెత్తటి గుడ్డతో ఒక్కసారి రుద్ది ఒక రాత్రి ఆరనివ్వండి. రేపు రబ్బరు పీకేటప్పుడు పేళ్లు లేవకుండా కాపాడేది అదే. మందంగా పూస్తే ప్లై గుణం మారిపోతుంది, పూసీ పూయనట్టు ఉండాలి.

స్పాంజి మీద మూడు నాలుగు మిల్లీలీటర్ల జిగురు పోసి చిన్న స్పాంజి ముక్కతో అంచులదాకా సమంగా పరచండి. ప్లై మీద అంతకంటే పల్చగా. ఇప్పుడు తెల్లగా ఉన్న జిగురు నీళ్లలా పారదర్శకం అయ్యేదాకా ఆగాలి. పొడి రోజుల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. మన దగ్గర వానలు పడేటప్పుడు, శ్రావణ భాద్రపదాల్లో, నలభై నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందరూ పాడుచేసేది ఇక్కడే. ఒక మూల ఇంకా తెల్లగా ఉండగానే అతికిస్తే ఆ తడి లోపలే ఉండిపోయి బుడగలా పైకి వస్తుంది, చెక్క కూడా ఉబ్బుతుంది. ఫ్యాను కింద పెట్టండి, హెయిర్ డ్రయ్యర్ వేడి మాత్రం వద్దు, స్పాంజి వంకర తిరుగుతుంది.

రెండు వైపులా ఆరాక అవి తగిలిన మరుక్షణం అతుక్కుంటాయి, మళ్లీ జరపలేరు. కాబట్టి రబ్బరు కింద అంచు, ఐటీటీఎఫ్ గుర్తు ఉన్న వైపు, పిడి దగ్గర తిన్నగా పెట్టి, అక్కడినుంచి ముక్కు వైపు చపాతీ కర్రతో మెల్లగా దొర్లించుకుంటూ పోండి. సాగదీయొద్దు. సాగదీసి అతికించిన రబ్బరు వారంలో వెనక్కి ముడుచుకుని అంచున చెక్క బయటపడుతుంది. పుస్తకాల కింద గంటసేపు పెట్టండి. తర్వాత రబ్బరు వైపు కిందికి వచ్చేలా చెక్క పీట మీద బోర్లించి, కొత్త కట్టర్ బ్లేడుతో ప్లై అంచుని ఆనుకుని ఒకే ఊపులో చుట్టూ కోయండి. మధ్యలో ఆపితే అక్కడ పళ్లుపళ్లుగా వస్తుంది. రెండోవైపూ ఇంతే. చివర్లో అంచు టేపు: 10 లేదా 12 మిల్లీమీటర్ల వెడల్పు, పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు పడుతుంది, కొంచెం ఎక్కువే పెట్టుకోండి.

పీకేటప్పుడు పిడి పక్క మూల దగ్గర మొదలుపెట్టి, రబ్బరుని వెనక్కి మడిచి ప్లైకి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి. చెక్క నార లేస్తున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపి ఇంకో వైపు నుంచి రండి.

దిగువగోదారి:
లాంగ్ పింపుల్ మాట నేను చెప్తానండి. మణికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కి లాంగ్ పింపుల్స్ వాడే మాట నిజమే. ఆ రబ్బరు బొడిపెలు పొడుగ్గా, బయటికి ఉంటాయి, బంతి తగలగానే వంగిపోతాయి. అందుకే ఎదుటివాళ్లు పంపిన స్పిన్‌ని అవి చెరపవు, అదే తిరుగుడుతో వెనక్కి పంపేస్తాయి. వాళ్లు టాప్‌స్పిన్ (ముందుకి దొర్లే తిరుగుడు) కొడితే, బంతి వెళ్లే దిక్కు మారింది కాబట్టి అదే వాళ్ల దగ్గరికి బ్యాక్‌స్పిన్ (వెనక్కి దొర్లే తిరుగుడు) అయి వెళ్తుంది. చిన్న పిల్లల మ్యాచ్‌లో దీనికి పాయింట్లు కుప్పలుగా వస్తాయి, ఆయన చెప్పింది అదే. కానీ ఆ రబ్బరుతో సొంతంగా స్పిన్ పుట్టించడం దాదాపు కుదరదు. బ్యాక్‌హ్యాండ్ టాప్‌స్పిన్ కొట్టాల్సిన వయసులో పాప బ్యాట్ అడ్డంపెట్టడం నేర్చుకుంటుంది. పైగా ఎదుటివాళ్ల స్పిన్ చదవడం రానివాళ్లకి తమ బంతి ఎక్కడ పడుతుందో తమకే తెలియదు. మొదటి రెండేళ్లు రెండు వైపులా నున్నటి రబ్బరే. తర్వాత కోచ్ గారు కావాలని మారిస్తే అది వేరు. స్పిన్ పట్టని యాంటీస్పిన్ రబ్బరుకీ ఇదే జవాబు.

వరిచేనుటీటీ:
ఎవరూ చెప్పని సంగతొకటి, డెల్టాలో బ్యాట్‌ని పాడుచేసేది ఆట కాదు, గాలి. తేమ ఎక్కువున్న సాయంత్రం రబ్బరు మీద కంటికి కనపడని తడి పొర పేరుకుంటుంది. బంతి పట్టు తప్పి జారుతుంది, టాప్‌స్పిన్ నెట్‌కి తగులుతుంది, పిల్ల తన చెయ్యే తప్పనుకుంటుంది. జిగట రబ్బర్లకి ఈ బెడద మరీ ఎక్కువ. తడినీ దుమ్మునీ రెంటినీ పట్టి ఉంచుకుంటాయి. అందుకే మన వైపు వాళ్లకి జిగట రబ్బరు కన్నా పొడి పట్టు ఉన్న రబ్బరు నయం. ఆట మధ్యలో రబ్బరు మీద నోటితో ఆవిరి ఊది అరచేత్తో తుడిచే అలవాటు ఉంటే మాన్పించండి. పొడి నూలు గుడ్డ ఒకటి బ్యాగులో ఉండాలి.

రైసు మిల్లులు దగ్గరున్న హాల్లో ఇంకో తంటా. ఊక బూడిద కిటికీల్లోంచి వచ్చి టేబుల్ మీద పరుచుకుంటుంది. బంతి ఆ బూడిదని ఎత్తుకొచ్చి రబ్బరుకి పూస్తుంది, గంటలో రబ్బరు బూడిదరంగు తిరుగుతుంది. ఆటకి ముందు టేబుల్ తడిగుడ్డతో తుడవండి. ఆట అయ్యాక రబ్బరు మీద నాలుగు చుక్కల మంచినీళ్లు వేసి మెత్తటి స్పాంజితో పిడి నుంచి ముక్కు వైపు తుడిచి, పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ పొర అంటించి కేసులో పెట్టాలి. ఆరకముందే పొర వేస్తే తడి లోపలే ఉడుకుతుంది. సబ్బు, స్పిరిట్, పెట్రోల్ వద్దు. కొబ్బరినూనె రాసుకున్న చేతులు, ఆత్రేయపురం పూతరేకులు తిన్న నేతి చేతులు కూడా వద్దు, నూనె రబ్బరుని మెత్తబరిచి ఉబ్బిస్తుంది.

కేసులో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి బరువెక్కుతుంది, బ్యాట్ మందగించినట్టు ఉంటుంది. బండి డిక్కీలో, ఎండలో ఆపిన కారులో మాత్రం వదలొద్దు. ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం చాలు, జిగురు వదిలి రబ్బరు అంచులు లేస్తాయి.

ఇంకోటి. బంతి కూడా చూసుకోండి. బ్యాట్ బాగుండి బంతి గుడ్డులా ఉంటే ఏం చేస్తారు? 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బంతి, ‘40 ప్లస్’ అని ఉంటుంది, అదే కొనండి. టేబుల్ మీద పెట్టి వేళ్లతో తిప్పితే ఊగకుండా తిరగాలి.

కాలవగట్టు:
అన్నీ రాసి పెట్టుకున్నానండి. ఆఖరిగా, ఫోర్‌హ్యాండ్‌కి ఎరుపా నలుపా? రబ్బరు అరిగిందని ఎలా తెలుస్తుంది?

ఐదుపొరలు:
రంగు ఏదైనా పర్లేదు, ఒకవైపు మాత్రం నలుపు ఉండి తీరాలి. రెండోవైపు ఎరుపే అక్కర్లేదు, 2021 అక్టోబరు నుంచి ఆకుపచ్చ, నీలం, గులాబీ, వంగపండు రంగులకీ అనుమతి ఉంది. మీరు ఎరుపే తీసుకోండి, అన్ని షాపుల్లో దొరికేది అదే. రెండు వైపులా ఒకే రబ్బరు వేయిస్తున్నారు కాబట్టి ఏది ముందుకి తిప్పినా ఒకటే. ఒకసారి ఒకవైపు ఫోర్‌హ్యాండ్‌కి అని పెట్టుకున్నాక రోజూ అటే వాడమనండి. ఫోర్‌హ్యాండ్ వైపు ముందు అరుగుతుంది. ఆ వైపు తగ్గిందనిపిస్తే ఒక్క రబ్బరే మార్చుకోవచ్చు.

అరుగుడికి కొలత కన్నే. రబ్బరుని లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. అంచులు నిగనిగలాడుతూ, మధ్యభాగం అరచేతి వెడల్పున మసకగా కనపడితే దాని పట్టు పోయినట్టే. దిగువగోదారి గారు చెప్పినట్టు బంతిని ఆనించి లాగి చూడండి, అంచు దగ్గర పట్టి మధ్యలో జారితే మార్చేయాలి. అంచులో చిన్న ముక్క ఊడినంత మాత్రాన మార్చక్కర్లేదు. ఆట మీద దాని ప్రభావం ఏమీ ఉండదు, కొత్త అంచు టేపు వేస్తే చాలు.

చెక్కస్పాంజి:
రబ్బరు ఆర్డర్ పెట్టేటప్పుడు స్పాంజి మందం చూసి మరీ నొక్కండి. ఒకే పేరుతో 1.5, 1.8, 2.0, ‘మ్యాక్స్’ అన్నీ ఉంటాయి. అడక్కపోతే షాపువాళ్లు స్టాక్‌లో ఉన్న మందమైనదే పంపుతారు. కవరు విప్పకముందే వెనకాల అంకె చూసుకోండి, కోశాక వెనక్కి తీసుకోరు.